గెజిటెక్కిన వడియాలు

ఒక శాఖంటూ పుట్టాక దానికి పని కూడా ఎవరో ఒకరు పుట్టించాలి. కోటలు, గుళ్ళు, బౌద్ధస్తూపాలు అప్పటికే ఒక శాఖ చేతిలో ఉన్నాయి. దొరల కాలం నాటి బంగళాల్ని ఇంకో శాఖ పట్టుకుపోయింది. ఆలస్యంగా పుట్టిన ఆధునిక వారసత్వ పరిరక్షణ మండలికి సిమెంటు కాలం ఒక్కటే మిగిలింది. మండలి వారు నిరుత్సాహపడలేదు. సిమెంటు కూడా పాతబడుతుందని, పాతబడ్డదల్లా వారసత్వమేనని ఒక కరపత్రం వేశారు. దాంతో ఊళ్ళల్లో కొత్త సరదా బయల్దేరింది. నిన్నటిదాకా ఎప్పుడు పడగొడతారా అని చూసిన మేడల ముందే జనం నిలబడి ఫోటోలు దిగడం మొదలెట్టారు.

కాకినాడలో రెక్కల మేడ పేర్రాజు ఆ కరపత్రం చదివాడు. చదివి ఊరుకుంటే ఈ కథ లేదు.

రెక్కల మేడ పేర్రాజు తండ్రి కట్టించింది. ఆయన హార్బరులో ఇంజనీరు. ఊరంతా పెంకుటిళ్ళు కట్టుకుంటున్న రోజుల్లో మద్రాసు నుంచి ఒక కుర్ర ఆర్కిటెక్టుని వెంటబెట్టుకొచ్చి, ఇద్దరూ కలిసి పెంకు లేని, దూలం లేని, వీధరుగు లేని ఇల్లొకటి లేపారు. ముందువైపు సిమెంటు పలక ఒకటి పక్షి రెక్క చాచినట్టు వీధి మీదికి చాచుకుని ఉంటుంది. దాని కింద స్తంభం లేదు. లోపల మెట్లు గోడలోంచి పొడుచుకొచ్చి ఉంటాయి. వాటి కింద కూడా ఏమీ లేదు. పడమటి గోడంతా చిల్లుల సిమెంటు దిమ్మలే. అప్పట్లో ఊరి పెద్దలు వచ్చి చూసి, ఆ రెక్క ఆర్నెల్లు ఆగితే గొప్పేనని తేల్చి, దాని కింద నిలబడకుండా ఇళ్ళకి వెళ్ళిపోయారు. రెక్క ఆగింది. ఊరి పెద్దలే ఒక్కరొక్కరుగా పోయారు.

మాణిక్యాంబ ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో కళ్ళనీళ్ళు పెట్టుకుంది. గదికీ గదికీ మధ్య తలుపుల్లేవు. గోడలుండాల్సిన చోట అద్దాలున్నాయి. పుట్టింటి మీద బెంగ పెట్టుకుని ఏడుద్దామంటే ఆ ఇంట్లో సరైన మూల కూడా దొరకలేదు. తర్వాత మెల్లమెల్లగా సంగతి తెలిసొచ్చింది. పొద్దువాలే వేళ చిల్లుల గోడలోంచి ఎండ దూరి నేలంతా ముగ్గు వేసేది. సముద్రపు గాలి అడ్డు లేకుండా ఇల్లంతా తిరిగేది. రాను రాను ఆవిడకి వేరే ఏ ఇల్లూ ఇల్లులా కనపడకుండా పోయింది. చుట్టాలింటికి పెళ్ళికెళ్ళినా, తాళి కట్టడం అవగానే బస్సు టైము అడిగేది.

అలాంటి ఇంటికి జబ్బు చేసింది. డాబా స్లాబులోకి నీరు దిగి, ఇనుము తుప్పుపట్టి, ముందుగదిలో పెచ్చులు రాలుతున్నాయి. తాపీమేస్త్రి సన్యాసి నిచ్చెనెక్కి, కప్పు మీద సుత్తితో కొట్టి విని, పెదవి విరిచాడు.

"లోపల ఇనుం తుప్పు తినేసిందండి అమ్మగారూ. పైనున్న పాత పూతంతా గీకేసి కొత్తదెయ్యాలండి. మిరగశిర వానలు పడ్డాయంటే మరి ఈ కప్పు మంచం మీదికొచ్చేస్తదండి. ఆపైన నన్నడక్కండి."

"అలాగే చేద్దాం సన్యాసీ. ముందు నా వడియాలు ఎండనీ. రోహిణి కార్తె ఎండ మళ్ళీ ఏడుగ్గానీ రాదు," అంది మాణిక్యాంబ.

ఆవిడ మాటలో తప్పేమీ లేదు. ఆ డాబాకున్న ఎండ ఊళ్ళో ఇంకెక్కడా లేదు. అత్తగారి నాటినుంచీ ఏటేటా అక్కడే పాత పంచెలు పరిచి సగ్గుబియ్యం వడియాలు పెడతారు. మధ్యలో వరసలు వరసలుగా తెల్లటి వడియాలు, చుట్టూ అంచుకి పండుమిరపకాయలు.

ఇక్కడ పేర్రాజు చేసిన ఘనకార్యం చెప్పాలి. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. నాన్నగారి రెక్కని ప్రభుత్వం గుర్తిస్తుందన్న ఆశ కొద్దీ, మాణిక్యాంబతో మాట మాత్రం అనకుండా, మండలికి అర్జీ పెట్టాడు. వేసవి మొదట్లో ఒకనాడు మేడ మీద డ్రోను ఒకటి జుమ్మని తిరిగి వెళ్ళింది. వీధిలో ఎవరిదో పెళ్ళి కాబోలనుకున్నారు. అప్పుడు కూడా డాబా మీద వడియాలే ఉన్నాయి.

ఇప్పుడీ రోహిణిలో మాణిక్యాంబ రెండో వాయి పెట్టి కిందికి దిగిన మర్నాడు, మండలి జీపు వచ్చి రెక్క కింద ఆగింది. అందులోంచి ఇద్దరు దిగారు. పూలదండ పట్టుకున్నాయన ఉపసంచాలకుడు విశ్వంభరం. మెళ్ళో కెమెరా ఉన్నాయన మండలి నిపుణుడు డాక్టర్ నళినీకాంత్. ఆయన ఆధునిక నిర్మాణాల మీద పరిశోధన చేసి పట్టా పుచ్చుకున్నాడు. ఇంట్లో వంట చేయగా ఎప్పుడూ చూసినవాడు కాడు.

"శుభాకాంక్షలమ్మా. ఈ క్షణం నుంచీ మీ గృహం జాతి సంపద," అన్నాడు విశ్వంభరం. దండ ఎవరికి వెయ్యాలో నిబంధనల్లో లేనందువల్ల గుమ్మానికి వేసి, గెజిట్ విప్పి చదివాడు. "సదరు గృహము యొక్క ఉపరితలమున శ్వేతవర్ణ వలయాకార ఘటకములు వరుసక్రమమున అమర్చబడి, అరుణవర్ణపు అంచుతో శోభిల్లుచున్నవి. ఇట్టి కల్పన యావద్దేశమున మరెక్కడను కానరాదు. కావున వీనిని తాకుట, తొలగించుట, స్థానభ్రంశము చేయుట శిక్షార్హము."

పేర్రాజు కళ్ళు చెమ్మగిల్లాయి. దేన్ని గురించో ఆయనకి అంతుపట్టలేదు గానీ, అంత మంచి భాషలో నాన్నగారి ఇంటి గురించి ఎవరూ రాయలేదు. మాణిక్యాంబకి మాత్రం గుండెల్లో రాయి పడింది.

అందరూ డాబా ఎక్కారు. నళినీకాంత్ వడియాల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"చూశారా విశ్వంభరం గారూ. ఫోటోలో ఉన్నట్టే ఉన్నాయి. ఒక్కటి కూడా చెక్కుచెదరలేదు."

"బాబూ, అవి వడియాలు," అంది మాణిక్యాంబ.

"వాడుకలో అలా అంటారన్నమాట," అని నళినీకాంత్ రాసుకున్నాడు.

"వాడుకేవిటి నాయనా, వడియాలే. నిన్ననే పెట్టాను. ఇంకా అడుగు తడారలేదు. మీ డ్రోను వచ్చినప్పటివి ఎప్పుడో డబ్బాలోకెళ్ళాయి. సగం తినేశాం కూడాను."

విశ్వంభరం చటుక్కున అటూ ఇటూ చూశాడు. "అమ్మా, ఆ మాట నాతో అన్నారు సరిపోయింది, ఇంకెవరితోనూ అనకండి. గెజిట్‌లో ఉన్నదాన్ని తినడమంటే మామూలు కేసు కాదు."

"మరి గెజిట్‌లో తప్పు పడితే దిద్దరాండీ?"

"దిద్దకేం. తప్పు చేసినవారు ఒప్పుకుంటే చాలు, దిద్దుబాటు సంఘం కూర్చుంటుంది. ఆ సంఘానికి అధ్యక్షులు నళినీకాంత్ గారే."

నళినీకాంత్ అప్పటికే అంచు మిరపకాయల్ని భూతద్దంతో చూస్తున్నాడు. పేర్రాజు కాస్త ధైర్యం తెచ్చుకుని, ముందువైపు చాచుకున్న రెక్క గురించి ఏం రాశారని అడిగాడు. ఫోటో పైనుంచి తీసినందువల్ల అది సన్నటి గీతలా పడిందని, నీడేమో అనుకుని వదిలేశారని విశ్వంభరం వినయంగా చెప్పాడు.

ఆ వారంలోనే సన్యాసి పారా, గమేళా పట్టుకుని వచ్చి, గేటుకి అంటించిన నోటీసు ఎవరిచేతో చదివించుకుని, వచ్చిన దారినే పోయాడు. స్లాబు మీద పూత వెయ్యాలంటే వడియాలు తియ్యాలి. వడియాలు తీస్తే జైలు. తియ్యకపోతే కప్పు నెత్తిన పడుతుంది.

"మీరూ మీ అర్జీను," అంది మాణిక్యాంబ మొగుడితో. "ఊరుకున్నంత ఉత్తమం బోడిగుండంత సుఖం లేదని ఊరికే అన్నారా పెద్దలు?"

పేర్రాజు తలొంచుకున్నాడు. ఆయన చెప్పగలిగిందల్లా, మండలి విచారణ జరుపుతుందట, వెళ్ళి చెప్పుకుందామని.

మండలి కార్యాలయం ఒక కొత్త అపార్టుమెంటులో అద్దెకుండేది. అంతకుముందు అక్కడ మంచి పాతమేడ ఒకటుండేదని వాచ్‌మన్ చెప్పాడు. మాణిక్యాంబ ఒట్టిచేతులతో వెళ్ళలేదు. డబ్బాలో మిగిలిన పాతవాయి వడియాలు వేయించి, స్టీలు క్యారేజీ నిండా పట్టుకెళ్ళింది. చెప్పిన మాట నమ్మకపోతే చూసిందన్నా నమ్ముతారు కదా అని ఆవిడ ఆశ.

బల్ల చుట్టూ సభ్యులు కూర్చున్నారు. నడుమ మండలి అధ్యక్షులవారు, ఆయన పక్కన నళినీకాంత్ కూర్చున్నారు. ఆవిడ క్యారేజీ మూత తీసి బల్ల మీద పెట్టింది.

"అయ్యా, నేను చదువుకున్నదాన్ని కాదు. మీరు వలయాలన్నవి ఇవే. వేయిస్తే ఇలా పొంగుతాయి. మీరే చూడండి."

అధ్యక్షులవారు ఒకటి తీసుకుని పరిశీలించారు. పరిశీలన నోటిదాకా వెళ్ళింది. సభ్యులు కూడా తమ వంతు పరిశీలించారు. కాసేపు గదిలో కరకరలు తప్ప ఏమీ వినపడలేదు. ఒక సభ్యుడు ఇందులో జీలకర్ర వేశారా, వాము వేశారా అని అడిగాడు. జీలకర్రేనని చెప్పింది మాణిక్యాంబ. ఆవిడకి లోపల్లోపల సంతోషంగా ఉంది. తిన్నవాడు వడియం కాదని ఎలా అంటాడు?

క్యారేజీ అడుగు కనపడ్డాక అధ్యక్షులవారు చేతులు తుడుచుకుని గొంతు సవరించుకున్నారు.

"రాసుకోండి. అర్జీదారు తన వాదనకు మద్దతుగా ఎట్టి సాక్ష్యమును ప్రవేశపెట్టలేదు."

"అదేంటండి. ఇప్పుడే కదా తిన్నారు."

"తిన్నది ఫలహారం తల్లీ. సాక్ష్యమైతే దానికి నంబరు పడాలి, సీలు పడాలి, బీరువాలో ఉండాలి. బీరువాలో ఉందా?"

బీరువాలో లేదు.

"అదీగాక మీరు తెచ్చినది పొంగింది," అన్నాడు నళినీకాంత్ బాధగా. "ఘటకం పొంగినట్టు గెజిట్‌లో ఎక్కడా లేదు. మీరు సమర్పించినది వేరే పదార్థం. చాలా బాగుంది, కాదనను."

ఖాళీ క్యారేజీ పట్టుకుని ఇద్దరూ ఇంటికొచ్చారు. మాణిక్యాంబ ఆ పూట అన్నం తినలేదు.

రోహిణి వెళ్ళింది. మృగశిర వచ్చింది. పడమట మబ్బు కమ్మడం మొదలెట్టింది. ముందుగదిలో ఒక పెచ్చు, పేర్రాజు చదువుకునే కుర్చీ మీద, ఆయన మంచినీళ్ళకి లేచిన సమయంలో పడింది. మాణిక్యాంబ పరుగున వచ్చి కుర్చీనీ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. ఆవిడకి భయం, కోపం, దుఃఖం ఒక్కసారే ముంచుకొచ్చాయి. వెళ్ళి గోడలోంచి పొడుచుకొచ్చిన మెట్టు మీద కూలబడి బావురుమంది. ఈ ఇల్లు పోతే తను బతకలేదు. ఈ ఇంట్లో ఉంటే ఆయన బతికేలా లేడు.

ఫోను చేస్తే విశ్వంభరం వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు. నిబంధన లేని చోట ఆయనకీ జాలి ఉంది. నళినీకాంత్ కూడా వచ్చాడు. వాన పడితే వలయాలు కరుగుతాయని అప్పటికే ఆయనకి రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

"పోనీ పైన టార్పాలిన్ కప్పుకోమంటారా?" అన్నాడు పేర్రాజు.

"వీలుపడదు. కట్టడం యొక్క దృశ్య సమగ్రత దెబ్బతింటుంది," అన్నాడు నళినీకాంత్.

"వాన పడి అవన్నీ కొట్టుకుపోతేనో?"

"విచారణ సంఘం వేస్తారు," అన్నాడు విశ్వంభరం.

"కప్పు కూలి మేం పోతే?" అంది మాణిక్యాంబ.

విశ్వంభరం ఇబ్బందిగా కదిలాడు. "కప్పు గెజిట్‌లో లేదమ్మా. మీరూ లేరు."

మాణిక్యాంబ కళ్ళు తుడుచుకుంది. ఆయన ముఖంలోకి కాసేపు చూసింది. మనుషుల గురించి ఎంత మొత్తుకున్నా వీళ్ళ చెవికెక్కదు. చెవికెక్కేది డాబా మీద ఉంది. ఇల్లాలికి లోకజ్ఞానం వంటింట్లోనే అబ్బుతుంది. ఆవిడ గొంతు మార్చింది.

"అసలు తప్పంతా నాదేనండి. పెద్దవాళ్ళ పద్ధతి మీకు చెప్పకపోతే మీకెలా తెలుస్తుంది? వడియం ఒకసారి పెట్టి వదిలేసేది కాదు. ఎండలో పెట్టాలి. చినుకు పడకముందు పంచె వెనకాల నీళ్ళు చిలకరించి ఒలిచెయ్యాలి. డబ్బాకెత్తాలి. వచ్చే ఏడు అదే చోట కొత్తవి పెట్టాలి. మా అత్తగారూ అంతే చేశారు. ఇల్లు కట్టిన ఏటినుంచీ ఇదే పద్ధతి."

నళినీకాంత్ లేచి నిలబడ్డాడు. "అంటే ఏటేటా పునఃప్రతిష్ఠ. కట్టినవారి ఉద్దేశం అదేనంటారా?"

"మరేనండి."

"చక్రీయ నిర్మాణం," అన్నాడాయన పుస్తకం విప్పుతూ. "ప్రపంచంలోనే మొదటిది కావచ్చు. మరి తీసినవి ఏం చేస్తారు?"

"నూనెలో వేస్తామండి."

"తైల సంస్కారం ద్వారా విసర్జన," అని రాసుకున్నాడు.

"ఇంకో మాట బాబూ. పెట్టే చోటు గట్టిగా ఉండాలి. డాబాలో పగుళ్ళున్నాయి, చూశారుగా. పగుల్లో చీమ చేరుతుంది. చీమ చేరితే వడియం దక్కదు. ఇప్పుడు పాత పూత గీకి, ఇనుం బాగుచేసి, కొత్త పూత వేస్తేగానీ వచ్చే ఏడు మీ వలయాలు నిలవ్వు. మా సంగతి వదిలెయ్యండి. చీమల సంగతి ఆలోచించండి."

ఆ సాయంత్రమే రెక్క కింద కుర్చీలు వేసుకుని మండలి అత్యవసర సమావేశం జరిగింది. నివాసితుల ప్రాణరక్షణ కోసం స్లాబు బాగుచెయ్యాలన్న పేర్రాజు అర్జీ అంతకు ముందే తిరస్కరించబడి ఉంది. పిపీలికముల బారి నుండి వలయ ఘటకములను కాపాడుటకు ఆధారతలమును పటిష్ఠపరచవలెనన్న తీర్మానం మాత్రం ఏకగ్రీవంగా, చప్పట్లతో నెగ్గింది. మర్నాడు పొద్దున్నే మాణిక్యాంబ పంచెల వెనక నీళ్ళు చిలకరించి వడియాలు ఒలుస్తుంటే, నళినీకాంత్ చేతికి తెల్లటి తొడుగులు వేసుకుని డబ్బా పట్టుకున్నాడు.

సన్యాసి మనుషుల్ని తీసుకొచ్చి పని మీద పడ్డాడు. పూత ఆరిందో లేదో ఆకాశం చిల్లు పడ్డట్టు వాన కురిసింది. మాణిక్యాంబ, పేర్రాజు ముందుగది మధ్యలో నిలబడి పైకి చూస్తూ ఉండిపోయారు. ఒక్క బొట్టు రాలేదు. బయట రెక్క అంచునుంచి నీళ్ళు తెరలా దిగుతుంటే దాని కింద ఎవరో ముగ్గురు దారినపోయేవాళ్ళు నిశ్చింతగా నిలబడ్డారు. మాణిక్యాంబ గోడ మీద చెయ్యి వేసి, అక్కడే చాలాసేపు ఉంది. ఆ ఏడాదంతటికీ ఆవిడకి అంత సుఖం అప్పుడే కలిగింది.

వానలు తెరిపిచ్చాక విశ్వంభరం మళ్ళీ వచ్చాడు. ఈసారి దండ లేదు. నళినీకాంత్ ఆయన వెనకాల నిలబడి నేల చూపులు చూస్తున్నాడు.

"ఎలా చెప్పాలో తెలియడం లేదమ్మా. ఆధారతలం మీద నివేదిక వచ్చింది. కింద మానవ నివాసం వల్ల, ముఖ్యంగా వంట ఆవిరి వల్ల, కప్పుకి చెమ్మ చేరే ప్రమాదం ఉందట. చెమ్మ వలయాలకి హానికరం. కనుక మీరు గృహం ఖాళీ చెయ్యాలి."

పేర్రాజు గోడ పట్టుకున్నాడు. మాణిక్యాంబ మాత్రం అదరలేదు, బెదరలేదు. కాఫీ కలిపి తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది.

"అలాగేనండి. ప్రభుత్వం పొమ్మంటే పోమంటామా? మరి వచ్చే ఏడు అవి పెట్టేదెవరు?"

"టెండరు పిలుస్తాం," అన్నాడు విశ్వంభరం. అని, ఆ మాట తనే మళ్ళీ విన్నాడు. తక్కువ ధరకి పాడుకున్న కాంట్రాక్టరు సగ్గుబియ్యంలో ఏం కలుపుతాడో, ఆ వడియాలు తైల సంస్కారం పొంది మండలి సమావేశానికి వస్తే అధ్యక్షులవారి ముఖం ఎలా ఉంటుందో, ఆయన కళ్ళకి కట్టింది. నళినీకాంత్‌కి కూడా కట్టినట్టుంది. కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

ఇద్దరూ రెక్క కిందికి వెళ్ళి గుసగుసలాడుకున్నారు. ఫోనులో అధ్యక్షులవారితో మాట్లాడారు. తిరిగొచ్చేసరికి విశ్వంభరం ముఖం తేటపడింది.

"మార్గం దొరికిందమ్మా. మిమ్మల్ని ఘటక స్థాపకురాలిగా నియమిస్తున్నాం. గౌరవ హోదా. ఆ ఉద్యోగానికి స్థలం వదలకుండా ఉండాలి గనక, ఈ ఇల్లు మీకు క్వార్టర్స్ కింద ఇస్తాం. వంట చేసుకోవచ్చు. ఘటకాల తయారీకి పొయ్యి అవసరమని రాస్తాం."

మాణిక్యాంబ నమస్కారం పెట్టింది. మామగారు కట్టించిన ఇంట్లో, తను ముప్ఫై ఏళ్ళ పైచిలుకు కాపురం చేసిన ఇంట్లో, ఉండడానికి ఆవిడకి అనుమతి దొరికింది.

విశ్వంభరం కాగితం మీద రాస్తూ రాస్తూ ఆగాడు. తలెత్తి, గోడ పట్టుకుని నిలబడ్డ పేర్రాజుని చూశాడు.

"మరి ఈయన? క్వార్టర్స్ సిబ్బందికే ఇస్తాం. ఈయనకి ఏ హోదా లేదు కదా."

"ఇది మా నాన్నగారు కట్టించిన ఇల్లండి," అన్నాడు పేర్రాజు.

"నిజమే సార్. కానీ గెజిట్‌లో మీ నాన్నగారి పేరు కూడా లేదు."

విశ్వంభరం కలం గాల్లోనే ఉంది. మాణిక్యాంబ మొగుడి వంక చూసింది. అర్జీ పెట్టి ఇంత పని చేసిన మనిషి, పెచ్చు పడే కుర్చీలోంచి దైవవశాత్తూ లేచిన మనిషి, ఇప్పుడు సొంత ఇంట్లో చుట్టపుచూపుగా వచ్చినవాడిలా నిలబడ్డాడు.

"ఆయన లేకపోతే ఎలాగండి," అంది. "ఎండుతున్నంతసేపూ డాబా మీద కూర్చుని కాకుల్ని తోలేది ఆయనే."

విశ్వంభరం ఊపిరి పీల్చుకున్నాడు. కలం దిగింది. వాయస నివారణ సహాయకుడు అని గుండ్రంగా రాసి, పేర్రాజు వైపు కాగితం జరిపాడు. "ఇక్కడ సంతకం చెయ్యండి సార్. ఏమైనా సందేహాలుంటే ఇప్పుడే అడగండి."

పేర్రాజు కళ్ళజోడు పెట్టుకుని కాగితం మొదటినుంచీ చివరిదాకా చదివాడు. సంతకం చేశాడు. చేసి, కాసేపు ఆలోచించాడు.

"కర్ర మండలి వారే ఇస్తారాండి, నేనే తెచ్చుకోవాలా?" అని అడిగాడు.